సాలూరు సర్వరుకి ఏ జబ్బూ లేదు

పదేళ్లుగా నేనొక మాట మోస్తున్నాను. చూడ్డానికి బరువైందేమీ కాదు. నాలుగు ముక్కలు. "వేడి వల్ల అయ్యుండొచ్చు సార్." అంతే. ఎండాకాలం సాలూరులో నిలబడి ఎవరైనా అనగలిగే మాట. కానీ అన్నప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆ మాట వెళ్లి ఒక పెద్దాయన కుర్చీ లాగేసింది. ఈ సంగతి మా ఆయనకి చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు, ఆఖరికి దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా పిల్ల దగ్గు గురించీ కరెంటు బిల్లు గురించీ మాట్లాడి వచ్చేసేదాన్ని. మీకు చెబుతాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. ఇలాంటివాటికి అదే మంచిది.

పేరు అడక్కండి. విజయనగరంలో కంప్యూటర్లూ సర్వర్లూ అమ్మి, వాటి బాగోగులు చూసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తానంటే చాలు. ఇది జరిగేనాటికి ఉద్యోగంలో చేరి మూడు నెలలు. మా మేనేజరు చెడ్డవాడు కాదు, కానీ ఆడపిల్లని బయటి ఊళ్లకి పంపితే ఏమవుతుందోనని ఆయనకొక బెంగ. ఆ బెంగ పేరు చెప్పి నన్ను ఫోన్ దగ్గర కూర్చోబెట్టి ఫిర్యాదులు రాయించేవాడు. రోజూ ఆయన టేబులు ముందుకెళ్లి నిలబడేదాన్ని. విసుగొచ్చి ఒకరోజు, "సరే, సాలూరు వెళ్లు" అన్నాడు.

సాలూరంటే లారీల ఊరు. ఘాటెక్కి ఒడిశా మీదుగా రాయపూర్ వైపు వెళ్లే లారీలు అక్కడాగి టైర్లు చూసుకుంటాయి. అక్కడొక ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి మేం సర్వరు అమ్మాం. పెట్టె ఒకటే, కానీ లోపల మూడు కంప్యూటర్లున్నట్టు పనిచేస్తుంది. ఒక ఇంటిని మూడు వాటాలు చేసి అద్దెకిచ్చినట్టన్నమాట. ఒక వాటాలో లారీ బుకింగులు. ఇంకో వాటాలో ఏ లారీ ఎక్కడుందో చూపించే మ్యాపు. మూడోదాంట్లో ఆఫీసు కాగితాలు. మూడింటికీ ఆధారం లోపలున్న రెండు డిస్కులే. అవి ఒకదానికొకటి నకలు. ఒకటి చెడిపోతే రెండోది లాక్కొస్తుంది. రెండూ చెడిపోతే ఆ ఆఫీసులో లారీ కదలదు.

నేనొక్కదాన్నే వెళ్లి బిగించాను. స్క్రూల దగ్గర్నుంచి పాస్‌వర్డుల దాకా అన్నీ నా చేత్తోనే. సాయంత్రం మూడు వాటాలూ వెలిగాయి. ఓనరుగారు కాజాలు తెప్పించారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా నవ్వుకుంటూ వచ్చాను. ఆ నవ్వు మీకు చెప్పకపోతే తర్వాత చేసింది అర్థం కాదు. అంత సంతోషం పోగొట్టుకోవడం అంత తేలిక కాదు.

రెండు వారాలకి ఓనరుగారి ఫోన్. సర్వరు ఆరోగ్యం చూపించే పేజీలో అన్నీ పచ్చగా ఉంటాయి కదా, డిస్కుల వరసలో మాత్రం పసుపు రంగు వచ్చిందట. హెచ్చరిక.

పరిగెత్తాను. కేబుళ్లు ఊడదీసి మళ్లీ పెట్టాను. డిస్కులు ఒక్కొక్కటీ లాగి, తుడిచి, మళ్లీ తోశాను. పసుపు పోలేదు. భయమేసింది. రాత్రి ఇంట్లో మాన్యువల్ ముందేసుకుని కూర్చుంటే, ఒక చోట దారి దొరికింది. మర్నాడు మళ్లీ వెళ్లి, భోజనాల వేళ ఇరవై నిమిషాలు మూడు వాటాలూ ఆపించాను. సర్వరు మళ్లీ లేచేటప్పుడు, మిగతావేవీ మొదలవక ముందే, డిస్కులని నడిపే కార్డు తన సొంత తెర చూపిస్తుంది. అక్కడ డిస్కుల సంగతి మధ్యవర్తి లేకుండా నేరుగా తెలుస్తుంది. చూశాను. రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. వేడి కూడా ఉండాల్సినంతే ఉంది.

మరి పసుపెందుకు? డిస్కుల పరిస్థితి చదివి పైకి చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది. ఏ మోడల్ సర్వరుకి ఆ మోడల్‌ది ఎక్కించాలి. నేను బ్యాగులో ఉన్న పెన్‌డ్రైవ్‌లోంచి వేరే మోడల్‌ది ఎక్కించేశాను. అది ఈ డిస్కులు చెప్పేది సగం అర్థం చేసుకుని, అర్థం కానిదానికల్లా పసుపు చూపిస్తోంది.

సర్వరుకి ఏ జబ్బూ లేదు. తప్పు నాది.

ఇంకో అరగంట అడిగి, సరైనది ఎక్కిస్తే అయిపోయేది. "సార్, బిగించేటప్పుడు పొరపాటు చేశాను, సరిచేస్తాను" అంటే సరిపోయేది. అనొచ్చు కదా? ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. అంటే, ఆయన మా మేనేజరుకి చెబుతాడు. మేనేజరు తల పంకిస్తాడు. నేను మళ్లీ ఫోన్ దగ్గర కూర్చుంటాను, ఇంకెప్పటికీ. ఇంత ఆలోచన నిజంగా ఆ క్షణంలో చేశానా, లేక పదేళ్లుగా ఒక్కో కారణం పేర్చుకుంటూ వచ్చానా? తెలీదు. ఓనరుగారు లోపలికొచ్చి, "ఏటమ్మా డాట్రమ్మా, ఏటి జబ్బు?" అన్నారు. డాట్రమ్మా అన్నది నాకు నచ్చింది. నోట్లోంచి ఆ నాలుగు ముక్కలూ వచ్చేశాయి.

ఆయన గోడమీద ఏసీ వైపు చూశారు. తర్వాత గదిలో ఉన్న మనిషి వైపు చూశారు.

ఆ మనిషి సింహాచలం మావ. ముప్పై ఏళ్లుగా అక్కడ బుకింగ్ గుమస్తా. అందరికీ మావే, వారం తిరక్కుండా నాకూ మావయ్యాడు. సర్వరు పెట్టిన ఆ వెనకగది, అది రాకముందు నుంచీ ఆయనది. ఒక చెక్క కుర్చీ, బల్ల, గోడకి కేలండరు. డ్రైవర్లు ఘాటెక్కే ముందు ఆ గదిలోకొచ్చి నిలబడేవారు. ఏ మలుపు దగ్గర రాళ్లు జారుతున్నాయి, ఏ చెక్‌పోస్టులో ఆలస్యం, ఎవరి పక్కన ఏ క్లీనరు సరిపడతాడు, అన్నీ ఆయన్నే అడిగేవారు. కూతురికి సంబంధం వచ్చినా ఆయన్నే అడిగేవారు. సర్వరుతోపాటు ఏసీ వచ్చింది, ఏసీతోపాటు తలుపు మూసుకుంది.

తర్వాతి వారం నేను వెళ్లినప్పుడు మావ అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరగా వేసి, నా పక్కకొచ్చాడు.

"పాపా, ఒక మాట సెప్తాను. ఎవులికీ సెప్పకు."

"ఏటది మావా?"

"ఆ ఏసీ ఉన్నాది సూడు. దాన్ని నానే కట్టీస్తన్నాను."

నేను ఏసీ వైపు చూశాను.

"ఓనరు బాబు బయటికెల్లీగానే కట్టీస్తాను. మళ్లీ బాబొచ్చే యాలకి ఏసీస్తాను. మోకాళ్లు ఒకటే సలుపు పాపా, తట్టుకోలేకపోతన్నాను. నా మోకాళ్లు సూసుకున్నాను గాని, మిషనికి జబ్బు సేస్తాదని నాకేటి తెలుసు? నా వల్లే కదేటి ఇదంతాను?"

అదిగో, అక్కడ. నా ఎదురుగా ఒక మనిషి తన తప్పు తాను ఒప్పుకుంటున్నాడు. చేయని తప్పు. ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాడో. గొంతులో కాస్త సిగ్గుంది, అంతకు మించి ఏమీ లేదు. నేను కూడా ఒక్క మాట అనేస్తే ఇద్దరం కలిసి నవ్వుకుని, టీ తాగి, పని చూసుకునేవాళ్లం.

"ఇకమీదట ఆపకండి మావా," అన్నాను.

"ఇంక ముట్టుకుంటే ఒట్టు," అన్నాడు.

ఒట్టు నిలబెట్టుకున్నాడు. నేను తర్వాత వెళ్లేసరికి, బయట తారు కరుగుతోంది. గదిలో మావ స్వెట్టరు వేసుకుని, మంకీ టోపీ పెట్టుకుని, కాళ్ల మీద రగ్గు కప్పుకుని కూర్చున్నాడు. కళ్లూ ముక్కూ తప్ప ఏమీ కనబడటం లేదు. ముక్కు కారుతోంది. తలుపుకున్న అద్దంలోంచి డ్రైవర్లు చూసి నవ్వుకుంటున్నారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వాను కూడా. నన్ను చూసి మావ బొటనవేలు పైకెత్తి చూపించాడు, ఏసీ నడుస్తోందని.

పసుపు మాత్రం అలాగే ఉంది. ఉండదా మరి?

ఇక భరించలేకపోయాను. ఒక ఆదివారం మ్యాపుకి కొత్త వెర్షన్ ఎక్కించాలని మూడు వాటాలూ ఆపమన్నారు. ఆ సందులో, ఎవరికీ చెప్పకుండా, తప్పు ప్రోగ్రాం తీసేసి సరైనది ఎక్కించాను. పావుగంట పట్టింది. డిస్కుల వరస పచ్చగా మారింది. అమ్మయ్య అనుకున్నాను. జబ్బు పోతే నిందా పోతుంది, మావ స్వెట్టరు విప్పేస్తాడు, అంతా మామూలైపోతుంది. చెప్పకుండా సరిచేస్తే చెప్పినట్టే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

కాదట. ఆ స్వెట్టరేంటని ఓనరుగారు అడిగితే మావ దాచలేక ఏసీ సంగతి అప్పటికే చెప్పేశాడట. సోమవారం ఓనరుగారు పచ్చరంగు చూసి ఏమనుకున్నారంటే, ఏసీ ఆపడం మానేశాక తగ్గింది కాబట్టి, ఏసీ ఆపడం వల్లే వచ్చింది. లెక్క సరిపోయింది. మూడో రోజున, అయిదారుగురు డ్రైవర్లుండగా చెప్పేశారు. "ఈ సలి మావకి పడదు, మావ మిషనికి పడడు. ఇన్నాళ్లూ ఈయన మోకాళ్లకోసం అది మూలిగింది. రేపట్నుంచి మావ యార్డులో కూకుంటాడు." యార్డంటే ఊరి చివర లారీలు నిలబెట్టే స్థలం. గేటు పక్కన రేకుల షెడ్డు. వచ్చే లారీ నంబరు రాయడం, పోయే లారీ నంబరు రాయడం.

కొత్త మ్యాపు ఎలా నడుస్తోందో చూడ్డానికి వెళ్లి, నేనక్కడే ఉన్నాను. చేతిలో టీ గ్లాసుంది. మావ మంకీ టోపీ తీసి చేత్తో నలుపుకుంటూ, "నా తప్పే బాబూ," అన్నాడు.

ఇప్పుడు చెప్పేది మావకి కూడా చెప్పలేదు, మీకే చెబుతున్నాను. ఆ క్షణం నాకు బాధ కలగలేదు. బాధ తర్వాత వచ్చింది, చాలా తర్వాత, విడతలు విడతలుగా. ఆ క్షణంలో కలిగింది ఊరట. కేసు మూసేశారు, ఇంక ఎవరూ ఆ పసుపు గురించి తవ్వరు అన్న ఊరట. టీ చల్లారిపోయి ఉంటుంది కానీ నాకు కమ్మగానే అనిపించింది. ఆ కమ్మదనాన్ని నేనింతవరకూ క్షమించుకోలేదు.

ఆ తర్వాత నేను బాగానే ఎదిగాను. గరివిడి పంపారు, పార్వతీపురం పంపారు, శ్రీకాకుళం పంపారు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పేది నేనే. హెచ్చరిక రాగానే మిషన్ని అనుమానించొద్దు, ముందు మీ చేతిపనిని అనుమానించండి అని మొదటి రోజే చెబుతాను. బాగా చెబుతానని పేరు కూడా ఉంది. ఎక్కడ నేర్చుకున్నారు మేడం అని ఒకమ్మాయి అడిగింది. అనుభవం అన్నాను.

పోయిన నెల సాలూరు ఆఫీసుకి కొత్త సర్వరు. పాతది తీసెయ్యాలి. నేనే వెళ్లాను. కొత్త గుమస్తా, పాతికేళ్ల కుర్రాడు, మర్యాదగా గది చూపించాడు. చెక్క కుర్చీ లేదు. ఏసీ కింద గోడకి ఒక బోర్డు కొట్టి ఉంది: ఏసీ ఆపరాదు.

"ఏసీ జోలికెల్లకండి మేడం," అన్నాడు ఆ అబ్బాయి. "ముందెప్పుడో ఓ ముసిలోడు ఏసీ కట్టీసి సర్వరు పాడుసేసేడంట. అప్పట్నుంచీ ఈ బోర్డు."

మావ పేరు కూడా ఆ అబ్బాయికి తెలీదు. ముప్పై ఏళ్ల పనిలో ఇదొక్కటే మిగిలింది ఆ గదిలో. నేను పాత డిస్కులు తీసి చూశాను. నేను బిగించినవే, ఇన్నేళ్లూ అవే నడిచాయి. ఇప్పటికీ మచ్చ లేదు. పని మధ్యలో వదిలేసి, ఆటో పిలిచి, సింహాచలం మావ ఇల్లెక్కడని అడుగుతూ బయల్దేరాను.

మక్కువ రోడ్డులో ఇల్లు. మావ వీధి అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి, "ఓసే, డాట్రమ్మొచ్చింది," అని లోపలికి కేకేశాడు. పైడమ్మత్త టీ తెచ్చింది. నేను కూర్చునే లోపే మావ పక్కింటాయనకి నన్ను పరిచయం చేస్తూ కథ మొదలుపెట్టేశాడు, తన మోకాళ్లు సర్వరుకి జబ్బు తెప్పించిన కథ. చేతులు తిప్పుకుంటూ చెబుతున్నాడు. పక్కింటాయన ఎన్నోసారి వింటున్నాడో కానీ పడీ పడీ నవ్వుతున్నాడు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. ఇంత సంతోషంగా చెప్పుకుంటున్నాడు కదా, ఇప్పుడు నేను నిజం చెప్పి ఆ కథ పాడుచెయ్యడమెందుకు? ఎంత దయగల ఆలోచనో చూడండి. పిరికితనం దయ చీర కట్టుకుని వచ్చింది, గుర్తుపట్టడానికి నాకు సగం గ్లాసు టీ పట్టింది.

పక్కింటాయన వెళ్లాక చెప్పాను. మొదట్నుంచీ. ఆగి ఆగి. మావ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"అయితే ఏసీ కట్టీసినా ఆ పసుపు రాదా?"

"రాదు మావా. దానికీ దీనికీ సంబంధమే లేదు."

"ఆ వేడి మాట అన్నప్పుడే నీకు తెలుసా?"

"తెలుసు."

చాలాసేపు నన్నే చూశాడు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని హడలిపోయాను. నవ్వుతున్నాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఎండల్లో మంకీ టోపీ ఎట్టుకున్నాను కదే," అని మళ్లీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చేసింది, కళ్లలో నీళ్లతోపాటు.

పైడమ్మత్త నవ్వలేదు.

"టోపీకేటి," అంది. "ఆ కుర్సీ మాట సెప్పవేటి? ఈయన యార్డుకెల్లిన కాణ్ణుంచీ ఒక్క డ్రైవరు ఈ గుమ్మం తొక్కలేదు. అంతకుముందు పండగొస్తే సెప్పులు ఎట్టుకోడానికి సోటుండేది కాదు ఇక్కడ."

"ఊరుకోవే," అన్నాడు మావ.

"ఊరుకున్నాను కదా ఇన్నాళ్లూ," అంది ఆమె. నా చేతిలో టీ గ్లాసు ఇంకా సగముంది. అయినా తీసుకుని లోపలికెళ్లిపోయింది.

మావ చిక్కుడుకాయ వంచి ఈనె లాగాడు. "ఓనరు బాబుకి సెప్పేవేటి?"

"లేదు. ముందు మీకే."

"నాకు సెప్తే ఏటి లాభం పాపా? నాకు నా సంగతి ఎలాగూ సెప్పుకోడం వొచ్చు. సెప్పాల్సింది అక్కడ కదా."

అదే ఆటోలో వెనక్కి వెళ్లాను. ఓనరుగారు కౌంటరు దగ్గరున్నారు, నలుగురు డ్రైవర్లున్నారు, ఆ గుమస్తా అబ్బాయున్నాడు. అందరి ముందూ చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానంటే, బయట టైరు కొడుతున్నవాడు సుత్తి ఆపాడు. ఓనరుగారికి అసలు గుర్తు రావడానికే అయిదు నిమిషాలు పట్టింది. ఏ పసుపు, ఏ సర్వరు అన్నారు. గుర్తొచ్చాక, "పోన్లే అమ్మా, మావకి ఆ యార్డే మంచిదయింది, ఎండతగిలి మోకాళ్లు బాగుపడ్డాయి," అన్నారు. ఈ మాట నేను కూడా ఇన్నేళ్లలో చాలాసార్లు అనుకున్నాను. బయటివాళ్ల నోట వింటే ఎంత అన్యాయంగా ఉందో.

"బాగుపడ్డం వేరు సార్. ఆయన తప్పు లేదు. అదొక్కటీ అనండి."

ఆయన మెడ తడుముకున్నారు. "తప్పు లేదులే," అన్నారు, నాకు కాదు, కౌంటరుకి చెప్పినట్టు.

గుమస్తా అబ్బాయి మెల్లిగా అడిగాడు. "మేడం, మరి బోర్డు తీసీమంటారా?"

"వద్దు. ఏసీ ఆపకూడదన్నది నిజమే. కథ మాత్రం మార్చు."

"మరి ఎవులు సేసేరని సెప్పాలి?"

"విజయనగరం నుంచి ఒక మేడం వచ్చిందని చెప్పు," అన్నాను. డ్రైవర్లు నవ్వారు. నేనూ నవ్వాను.

కొత్త సర్వరు బిగించి, ఈసారి ఎక్కించేది ఏ మోడల్‌దో మూడుసార్లు చూసుకుని, సాయంత్రం బస్సెక్కాను. డ్రైవరు వెనక సీటే దొరికింది. రామభద్రపురంలో బజ్జీలు కొనుక్కుని తిన్నాను. అంత ఆకలి ఎప్పుడు వేసిందో గుర్తు లేదు. గజపతినగరం దాటాక మావ ఫోన్ చేశాడు.

"పాపా, రేపు టీకొట్టుకాడ పదిమందీ అడుగుతారు. అసలు జబ్బేటో సరిగ్గా సెప్పు. ఆ ఎక్కించిందాన్ని ఏటంటారు?"

"డ్రైవరు అంటారు మావా. డిస్కుల్ని నడిపిస్తూ, వాటి సంగతి పైకి చెప్పే ప్రోగ్రాం. వేరే మోడల్ డ్రైవరు ఎక్కింది, అందుకే పసుపొచ్చింది."

అటువైపు వెనక పైడమ్మత్త ఏదో అంటోంది. ఏమందో వినబడలేదు. మావ చెప్పలేదు, నేనడగలేదు.

"అయితే," అన్నాడు మావ, గొంతులో ఎక్కడలేని హుషారు, "తప్పు డ్రైవరుదన్నమాట."

"కాదు మావా. డ్రైవరుది కాదు. తప్పు నాది."

బస్సు డ్రైవరు అద్దంలోంచి నా వైపు చూశాడు. ఫోన్లో సరిగ్గా వినబడలేదో ఏమో, మావ "ఏటీ?" అన్నాడు. ఈసారి ఇంకాస్త గట్టిగా చెప్పాను. "నాదే."